లేతగా కోసినవారిదే కూర

వంటల పుస్తకానికి ముందుమాట అడిగేవాళ్ళు సాధారణంగా నాలుగు మంచి మాటలు రాసిపెట్టమంటారు. ఈ అమ్మాయి మాత్రం ఫోన్ చేసి, "పిన్నిగారూ, మీకు నచ్చనివి కూడా రాయండి. అన్నీ మెచ్చుకుంటే మా అత్తమ్మ నమ్మదు" అంది. ఆ అత్తమ్మ ఎవరో, ఆవిడ నమ్మకం ఎందుకంత అవసరమో పుస్తకం సగానికి వచ్చేసరికి పాఠకులకే తెలుస్తుంది. అందుకని నచ్చినవీ నచ్చనివీ రెండూ చెబుతాను. నచ్చినవే ఎక్కువ కాబట్టి వాటితో మొదలుపెడతాను.

ఇది పూర్తిగా జుకినీ గురించిన పుస్తకం. వంకాయ మీదో గోంగూర మీదో ఇన్ని పేజీలు రాస్తే ఎవరూ ఆశ్చర్యపోరు. జుకినీ అనేసరికి మాత్రం మనవాళ్ళు పెదవి విరుస్తారు. వేసవుల్లో న్యూజెర్సీలో మా అబ్బాయి ఇంట్లో ఉన్నన్నాళ్ళూ తెలుగువాళ్ళ భోజనాల దగ్గర నేను వింటూ వచ్చింది ఒకటే మాట, "దానికి రుచీ పచీ ఏముందండీ, నీళ్ళు తప్ప" అని. బీరకాయలు దొరకనప్పుడు, దొరికినా ధర చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నప్పుడు బుట్టలో పడే కాయ అది. వండేవాళ్ళకూ దాని మీద గురి ఉండదు, తినేవాళ్ళకూ ఉండదు.

నీళ్ళన్న మాట అబద్ధం కాదు. జుకినీలో నూటికి 95 పాళ్ళు నీరే. కానీ మన సొరకాయలోనూ, దోసకాయలోనూ ఉన్నది దాదాపు అంతే. వాటిని రుచిగా వండుకోవడం తరతరాలుగా నేర్చుకున్నాం, దీన్ని ఇంకా నేర్చుకోలేదు. ఈ పుస్తకం చెప్పేది ఇంకొంచెం ముందుకు వెళ్తుంది. రుచి లేదని మనం నిందించే కాయ దాదాపు ఎప్పుడూ ముదురు కాయే, లేదా కోసి చాలా రోజులైన కాయే అంటుంది రచయిత్రి. వంట పొయ్యి దగ్గర మొదలవదు, పాదు దగ్గర కత్తి పెట్టే పూటనే సగం అయిపోతుంది అన్నది ఈమె వాదం. జూనియర్ కాలేజీలో ముప్ఫై ఏళ్ళకు పైగా వృక్షశాస్త్రం చెప్పినదాన్ని, ఆ వాదం నాకు నచ్చింది. మనం జుకినీ అని తినేది పండే వయసుకు చాలా ముందే కోసేసిన పసికాయ. పువ్వు విచ్చిన నాలుగైదు రోజులకే అది కోతకు వస్తుంది. ఇంకో రెండు రోజులు వదిలేస్తే తోలు మందమై, గింజ గట్టిపడి, దూదిలాంటి గుజ్జు పడుతుంది. ఆ రెండు రోజుల తేడా తెలిసినవాళ్ళు తిన్నది ఒక కూర, తెలియనివాళ్ళు తిన్నది ఇంకో కూర.

పుస్తకంలో కథ జరిగేది మధ్య న్యూజెర్సీలో, ఒక ఇంటి వెనక. రచయిత్రిది తణుకు వైపు, భర్తది వరంగల్ జిల్లా. ఏటా ఏప్రిల్ చివర్లోనో మే మొదట్లోనో అత్తమామలు విమానం దిగుతారు, అక్టోబరులో తిరిగి వెళ్తారు. పిల్లల దగ్గరికి వచ్చే తల్లిదండ్రులకు మామూలుగా ఆరు నెలలు ఉండనిస్తారు. మన పెద్దవాళ్ళ అమెరికా జీవితమంతా ఆ ఆరు నెలల్లోనే ఒదగాలి. మొదటి పది రోజులు నిద్ర సరిపడక, తర్వాత పగలంతా ఇంట్లో ఎవరూ లేక, కారు నడపడం రాక, చివరికి పెరట్లోకి వెళ్తారు. ఎడిసన్‌లోనైనా, డాలస్ పక్క ఫ్రిస్కోలోనైనా ఇదే వరస. చీర కొంగులో కట్టుకొచ్చిన బీర, సొర, చిక్కుడు గింజలు పాతడం అందరికీ మామూలే అయింది. కానీ బీరకూ సొరకూ ఎండ చాలా కావాలి, రోజులూ చాలా కావాలి. న్యూజెర్సీలో మంచు భయం తీరేది మే నడిమికి. అప్పుడు పెట్టిన బీరపాదు పందిరెక్కి, పూసి, చేతి నిండా కాయలిచ్చేసరికి ఆగస్టు వస్తుంది. నడి అక్టోబరుకల్లా మళ్ళీ మంచు పడి పాదు నల్లబడిపోతుంది. కొన్ని ఏళ్ళు సొరపాదు తొలికాయ దించేసరికి మామగారి టికెట్టు తేదీ దగ్గరపడేదట. జుకినీ గింజ మే నడిమిన పెడితే జూలై మొదటి వారంలో కాయ కొయ్యవచ్చు, యాభై రోజుల పంట. పందిరి అక్కర్లేదు, గుబురుగా ఒకచోటే పెరుగుతుంది. ఆరు నెలల మనుషులకు సరిపడ్డ పాదు ఇదేనని ఈమె రాసిన పేజీలు చదువుతుంటే, ఇంత సూటి సంగతి ఇన్నాళ్ళూ ఎవరూ ఎందుకు రాయలేదా అనిపించింది.

అత్తమ్మ మొదట ఒప్పుకోలేదు. "తెల్లోళ్ళ కూరగాయ నాకెందుకు" అందట ఆవిడ. కోడలు దానికి వాదనతో జవాబు చెప్పలేదు, రెండో అధ్యాయంలో చరిత్రతో చెప్పింది. ఆ అధ్యాయం చిన్నదే కానీ చక్కనిది. జుకినీ వంశం మెక్సికోది. అక్కడి ఓహాకా ప్రాంతంలో గిలా నకిట్జ్ అనే గుహలో దొరికిన ఈ జాతి గింజలు దాదాపు 10,000 ఏళ్ళనాటివని తేలింది. అమెరికా ఖండాల్లో మొక్కజొన్న కంటే ముందే మనిషి చేతికి మచ్చికైన పంట ఇది. న్యూజెర్సీ నేల అసలు హక్కుదారులైన లెనాపే జనం మొక్కజొన్న, చిక్కుడు, ఈ గుమ్మడి జాతి పాదులూ కలిపి వేసుకునేవారు. కొలంబస్ తర్వాత గింజలు ఐరోపా చేరాయి. ఇటలీలో, మిలాన్ చుట్టుపక్కల తోటమాలులు 19వ శతాబ్దం చివర్లో ఈ పొడుగు లేతకాయ రకాన్ని తీర్చిదిద్దారు. ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళతో 20వ శతాబ్దం మొదటి పాదంలో మళ్ళీ అమెరికా గడప తొక్కింది. అంటే న్యూజెర్సీకి ఇది పుట్టింటికి వచ్చిన పిల్ల. మన పులుసులోకీ దప్పళంలోకీ వేసే తియ్య గుమ్మడి కూడా అమెరికా ఖండాల నుంచి వచ్చినదే, ఒకే కుదురు. మిరపకాయ, టమాటా సంగతి చెప్పనే అక్కర్లేదు. ఇవన్నీ మనవైనప్పుడు ఇది మాత్రం పరాయిది ఎలా అవుతుందని రచయిత్రి అడిగితే, అత్తమ్మ, "ఐతే పెట్టు చూద్దాం" అందట. ఆ ఒక్క మాటకోసం అధ్యాయమంతా రాసినట్టుంది.

నాకు అన్నిటికంటే నచ్చింది పూల అధ్యాయం. ఇక్కడ రచయిత్రి తొందరపడలేదు, నేనూ కాసేపు ఆగుతాను. జుకినీ ఒకే మొక్కకు మగపూలు, ఆడపూలు విడివిడిగా పూస్తుంది. ముందు వచ్చేవి మగపూలు, సన్నని పొడుగాటి కాడ మీద. వారం, పది రోజుల దాకా అవే పూసి రాలిపోతుంటే కొత్తగా వేసినవాళ్ళు కంగారుపడతారు. ఆడపువ్వు వెనక వేలెడు కాయ అప్పటికే ఉంటుంది, చూడగానే తెలిసిపోతుంది. పువ్వు విచ్చుకునేది తెల్లవారుజామున, ముడుచుకునేది ఎండ ముదిరేలోపు, మళ్ళీ విచ్చదు. ఆ కొద్ది గంటల్లోనే పుప్పొడి చేరాలి. ఈ పుప్పొడి బరువు, జిగురు ఎక్కువ, గాలికి ఎగరదు. తేనెటీగలే మోసుకు రావాలి. రానినాడు పిందె కొన పసుపెక్కి, ముడతపడి, మెత్తబడి రాలిపోతుంది. "నీళ్ళు ఎక్కువయ్యాయి, ఎరువు తక్కువైంది" అని మనం తిట్టుకునేదంతా చాలాసార్లు ఈ పరాగం కథే.

ఆ ఇంట్లో ఈ పని తొమ్మిదేళ్ళ మనవరాలిది. బడికి సెలవులు, ఆరున్నరకు లేవాలి. మగపువ్వు కాడతో సహా తుంచి, రేకులు ఒలిచేసి, మధ్యలోని పసుపు పచ్చని కాడను ఆడపువ్వు లోపల మెల్లగా అద్దాలి. నాయనమ్మ పక్కన నిలబడి ఎన్ని అద్దిందో లెక్క చూస్తుంది. ఒకనాడు ఆ పిల్ల ముడుచుకున్న పువ్వు విప్పితే లోపల ఒక తేనెటీగ పడుకుని ఉందట. పిల్ల కేక పెట్టింది, నాయనమ్మ పువ్వు మూసి పెట్టింది. అది నిజంగా నిద్రే. ఈ గుమ్మడి జాతి పూలనే నమ్ముకుని బతికే ప్రత్యేకమైన తేనెటీగలు ఉన్నాయి. పొద్దు పొడవక ముందే పనికి దిగుతాయి. ఆడ ఈగలు పాదుల మొదళ్ళ దగ్గరే నేలలో బొరియలు చేసుకుంటాయి. మగ ఈగలు మధ్యాహ్నం నుంచి వాడిపోయిన పూలలో దూరి నిద్రపోతాయి. మెక్సికో నుంచి ఈ పంటను మనుషులు ఉత్తరానికి మోసుకెళ్ళేకొద్దీ ఈ ఈగలూ వెంట వచ్చాయి. అందుకే పంట అయిపోయాక మళ్ళను లోతుగా తవ్వవద్దు అంటుంది పుస్తకం. కాలేజీలో కుకుర్బిటేసి కుటుంబం పాఠం ఎన్నిసార్లు చెప్పినా, పువ్వు విప్పి అందులో నిద్రపోయే ఈగను పిల్లలకు చూపించే వీలు మాకు దొరకలేదు.

చీడల గురించి రాసిన పేజీల్లో కొంత దుఃఖం ఉంది. నిన్న సాయంత్రం దాకా నిండుగా ఉన్న పాదు ఇవాళ మధ్యాహ్నానికి గొడుగు ముడిచినట్టు వాలిపోతుంది. నీళ్ళు పోస్తే సాయంత్రానికి కొంచెం లేస్తుంది, మర్నాడు మళ్ళీ వాలుతుంది. వంగి మొదలు చూస్తే కాండానికి చిన్న చిల్లు, దాని కింద రంపపు పొట్టులాంటి తడి పొడి. కాండం తొలిచే పురుగు పని అది. దాని తల్లి పగటిపూట తిరిగే చిమ్మట. ఎర్రని నారింజ రంగు పొట్ట, చూడటానికి కందిరీగలా ఉంటుంది. జూన్ చివర్లో వచ్చి కాండం మొదట్లో గుడ్లు పెట్టిపోతుంది. కాండాన్ని నిలువుగా చీల్చి, లోపలి తెల్లని పురుగును తీసి, గాయం మీద మట్టి కప్పితే పాదు కొన్నిసార్లు బతుకుతుంది. ఆ శస్త్రచికిత్స చేసేది మామగారు, పత్తి చేలో పురుగుతో జీవితమంతా పోరాడిన మనిషి. ఆయన మాటలు చాలా తక్కువ ఈ పుస్తకంలో, ఉన్నవన్నీ పనికొచ్చేవి. జూలై మొదట్లో ఇంకో రెండు గింజలు పెట్టి ఉంచమని ఆయన సలహా. ఆ మొక్కలు ఎదిగేసరికి చిమ్మట కాలం దాటిపోతుంది, సెప్టెంబరు దాకా కాయ ఉంటుంది. ఆకుల మీద వెండి మరకలు రకాన్ని బట్టి పుట్టుకతోనే ఉంటాయి, తెగులనుకుని పీకేయవద్దు. ఆగస్టులో పిండి చల్లినట్టు వచ్చేది మాత్రం బూడిద తెగులే. మిగతావి పుస్తకంలో చూసుకోండి.

ఇక ఎంపిక. పెరడు లేనివాళ్ళకు, అపార్ట్‌మెంటుల్లో ఉండేవాళ్ళకు ఈ అధ్యాయమే ముఖ్యం. మన రైతుబజారులో సొరకాయకు గోరు గుచ్చి చూస్తాం, బెండకాయ కొన విరుస్తాం, అమ్మేవాళ్ళు తిట్టినా మానం. అమెరికా దుకాణంలో ఆ వేషాలు కుదరవు. మరి లేతదని ఎలా తెలియాలి? ఈమె చెప్పిన గుర్తులు నేను మళ్ళీ మళ్ళీ చదివాను. కాయ ఆరు నుంచి ఎనిమిది అంగుళాలు మించకూడదు. సైజుకు తగ్గ బరువు చేతికి తెలియాలి, తేలిగ్గా ఉంటే లోపల బెండు. తొడిమ అంగుళమైనా ఉండాలి, కోసినచోట తడి ఆరకూడదు. తోలు మెరవాలి. వేలితో నిమిరితే సన్నని నూగు గరుకు తగలాలి, అది పోయిందంటే చాలా చేతులు మారిందన్నమాట. మొదలు ముట్టుకుంటే మెత్తగా నొక్కుకుపోతే వదిలేయాలి. తెచ్చాక కడగకుండా, కాగితం సంచిలో, ఫ్రిజ్ లోపల మరీ చల్లగా లేని అరలో పెట్టాలి. ఎక్కువ చలికి తోలు మీద గుంటలు పడతాయి. నాలుగైదు రోజుల్లో వండేయాలి. రకాల్లో ఈమె ఓటు కోస్టటా రొమానెస్కోకు. రోము వైపు పాతరకం, బీరకాయకు ఉన్నట్టే నిలువునా గట్లుంటాయి, గుజ్జు బిగువుగా ఉండి వేపుడుకు నిలుస్తుంది. అత్తమ్మ దాన్ని చూడగానే ఈనెలు తీయబోయిందని రాసింది. తీయనక్కర్లేదు. ఏ జుకినీకీ చెక్కు తీయనక్కర్లేదు, ముక్క విడిపోకుండా పట్టి ఉంచేది ఆ తోలే.

ఒక్క విషయంలో రచయిత్రి గొంతు మారుతుంది, నేనూ ఆమెతో గొంతు కలుపుతాను. చేదు. దోసకాయ తరిగేముందు కొన కోసి నాలుక మీద పెట్టుకోవడం మన ఇళ్ళలో ఎవరూ నేర్పకుండానే వచ్చే అలవాటు. జుకినీకి కూడా అది తప్పనిసరి. గుమ్మడి జాతిలో కుకుర్బిటాసిన్ అనే చేదు విషం ఉంటుంది. తోటపంటల్లో దాన్ని తగ్గిస్తూ వచ్చారు. కానీ ఇంట్లో దాచిన గింజలు, పక్కింటి అలంకారపు గుమ్మడి పుప్పొడి పడి కలిసిపోయినవైతే, మరుసటేడు కాయలో ఆ చేదు తిరిగి రావచ్చు. ఉడికించినా అది పోదు. 2015లో జర్మనీలో ఒక వృద్ధుడు ఇంటి పెరటి చేదు జుకినీ కూర తిని చనిపోయాడు. మన దేశంలో చేదు సొరకాయ రసం తాగి ప్రాణాలు పోయిన సంఘటనల తర్వాత ఐసీఎంఆర్ నిపుణులు కూడా ఈ హెచ్చరికే చేశారు. చేదు తగిలితే ఉమ్మేయండి, కాయంతా పారేయండి, కారం ఎక్కువ వేసి సరిపెట్టవద్దు. జుకినీ గింజలు దాచుకోవద్దు, ఏటా కొత్తవి కొనండి. గింజలు దాచుకోవడం పుణ్యమని పెరిగిన మామగారికి ఇది మింగుడుపడలేదని రాసింది. ఆయన ఒప్పుకున్నాడు.

వంటల్లోకి వస్తాను. ఇందులో అరవైకి పైగా వంటలున్నాయి, అన్నీ ఒకే ఎత్తువి కావు. బంగారంలాంటివి నాలుగైదు. మొదటిది వేపుడు. పేరుకు అందరూ చేసేదే, కానీ అందరి మూకుట్లోనూ అది ముద్దయ్యేది ఎందుకో ఈమె వివరంగా చెప్పింది. ముక్క సన్నగా తరగవద్దు, చిటికెన వేలి మందం ఉండాలి. తరిగి గుడ్డ మీద పరిచి తడి ఒత్తేయాలి. వెడల్పాటి మూకుడు పొగలు వచ్చేంత కాగాలి. ముక్కలు ఒక వరస మాత్రమే, ఒకదాని మీద ఒకటి పడకూడదు. మూత పెట్టకూడదు. రెండు నిమిషాలు గరిటె ముట్టుకోకూడదు. ఈ చివరిదే కష్టం, మనకు కలపకపోతే చెయ్యి ఊరుకోదు. ఒకవైపు ఎర్రగా కాలాకే తిప్పాలి. ఉప్పు, కారం, దంచిన వెల్లుల్లి దించే ముందు పడాలి. ఉప్పు ముందే వేస్తే ముక్క తన నీళ్ళన్నీ వదిలేసి అందులోనే ఉడుకుతుంది. వరంగల్ వైపు అలవాటుగా పైన వేయించిన నువ్వుల పొడి చల్లుతారు ఆ ఇంట్లో. నేను నువ్వులు లేకుండానే తిన్నాను, చాలా బాగుంది.

పప్పు గురించి ఒక్క మాటే చెప్పింది, సరిపోయే మాట. కుక్కరులో కందిపప్పుతో పాటు జుకినీ వేస్తే మూడు కూతల తర్వాత అది కనబడదు. పప్పు ఉడికి, ఎనిపి, చింతపండు పులుసు మరిగాక ముక్కలు వేసి అయిదు నిమిషాల్లో దించాలి.

సర్వపిండి అత్తమ్మది, ఈ పుస్తకానికి ప్రాణం. తెలంగాణ ఇళ్ళలో సొరకాయ తురుముతో చేసుకునే సర్వపిండి మనకు తెలిసిందే. జుకినీతో అది ఇంకా కుదిరింది. కారణం నీళ్ళే. బియ్యప్పిండి, నానబెట్టిన శనగపప్పు, నువ్వులు, కచ్చాపచ్చాగా దంచిన పల్లీలు, ఉల్లిపాయ, కరివేపాకు, కొత్తిమీర, కారం, ఉప్పు వేసి తురుము కలిపి పది నిమిషాలు పక్కన పెడితే ఉప్పుకు తురుము ఊరి పిండి దానంతట అదే ముద్దకు వస్తుంది. చుక్క నీళ్ళు పోయనక్కర్లేదు. మందపాటి మూకుడుకు నూనె రాసి, పిండి అద్ది, వేలితో చిల్లులు పెట్టి, చిల్లు చిల్లులో నూనె పోసి, మూత పెట్టి సన్నని సెగ మీద కాల్చాలి. అడుగు ఎర్రగా కరకరలాడాలి, పైన మెత్తగా ఉండాలి. వేడి మూకుడుకు పిండి అద్దితే చెయ్యి కాలుతుంది కాబట్టి రెండు మూకుళ్ళు పెట్టుకుని ఒకటి చల్లారేలోపు ఇంకొకటి వాడతారు. పిల్లలు చిల్లులు పెట్టేందుకు పోటీపడతారు. ఈ వంట దగ్గర కోడలు అత్తమ్మ చేతి కొలతను కప్పుల్లోకి మార్చే ప్రయత్నం చేసింది. "ముద్ద చేతికి అంటి అంటకుండా ఉండాలె" అన్న ఆవిడ మాటను అలాగే ఉంచేసి కింద కప్పుల లెక్క ఇచ్చింది. కప్పులకంటే ఆ మాటే మీకు ఎక్కువ సాయం చేస్తుంది.

పూల బజ్జీ పక్కింటి నుంచి వచ్చింది. ఇటలీ మూలాల పెద్దాయన ఒకాయన కంచె అవతలి నుంచి చూసి, పుప్పొడి పని అయిపోయిన మగపూలను పారేస్తున్నారని బాధపడి, తన ఇంటి పద్ధతి చెప్పాడట. రోములో వాటిలో మొజరెల్లా జున్ను, ఉప్పు చేప ముక్క పెట్టి పిండిలో ముంచి వేయిస్తారు. ఇక్కడ లోపలి కాడ తీసేసి, వాము వేసిన పలచటి శనగపిండిలో ముంచి తీశారు. పొద్దున విచ్చినప్పుడే కోసి, లోపల ఈగ ఉందేమో చూసుకోమని మనవరాలి హెచ్చరిక కూడా అచ్చయింది. బెంగాలీలు గుమ్మడి పూలతో ఈ పని ఎప్పటినుంచో చేస్తున్నారు.

మూడు రోజులు ఊరెళ్ళి వస్తే పాదు కింద మూరెడు కాయ కనిపిస్తుంది. అది జుకినీ పెంచే ప్రతి ఇంట్లోనూ జరిగేదే. కాయ రోజుకు అంగుళం, రెండంగుళాలు సాగుతుంది, పెద్ద ఆకుల చాటున దాక్కుంటుంది. అమెరికాలో దీని మీద ఒక వేళాకోళపు పండగే ఉంది, ఆగస్టు 8న రాత్రిపూట చప్పుడు చెయ్యకుండా పొరుగింటి గుమ్మంలో జుకినీలు పెట్టి పారిపోయే రోజు. ముదురు కాయను పారేయకుండా ఏం చెయ్యాలో చెప్పిన అధ్యాయం గృహస్థులకు వరం. చెక్కు తీసి, గింజలు గరిటెతో గీకేసి, దాన్ని సొరకాయగానే చూడాలి. మజ్జిగపులుసు, ముక్కల పులుసు, పాలు పోసిన కూర. నానిన పెసరపప్పుతో కలిపి తాలింపు కూర చేస్తే నీళ్ళన్నీ పప్పు పీల్చుకుంటుంది. మిగిలింది తురిమి, నీళ్ళు పిండేసి, సంచుల్లో కట్టి గడ్డకట్టించుకుంటే జనవరిలో సర్వపిండి. అత్తమ్మ అప్పటికి వరంగల్‌లో ఉంటుంది, వీడియోలో చూస్తూ మంట తగ్గించమని అరుస్తుంది.

ఇప్పుడు నచ్చనివి. జుకినీ ఆవకాయ అన్న పేరు చూసి నాకు కోపం వచ్చింది. దోసావకాయ ఉంది కదా అని రచయిత్రి సమర్థన. దోసకాయ ముక్కకు బిగువుంది, పులుపు ఉంది. ఇది రెండోనాడే నీరు దిగి ఆవపిండిని పలచన చేస్తుంది. రుచి చెడ్డదని అనను, ఫ్రిజ్‌లో పెట్టుకుని మూడు రోజుల్లో తినేసే దాన్ని ఆవపెట్టిన ముక్కలు అంటే చాలు. జాడీలో పెట్టి బయట ఉంచుకోవచ్చని ఎవరైనా పొరబడితే ప్రమాదం. పులుపు చేర్చని జుకినీని సీసాల్లో నిలవచేయవద్దని అమెరికా వ్యవసాయ శాఖ సలహా కూడా. ఆ హెచ్చరిక పుస్తకంలో చిన్న అక్షరాల్లో ఉంది, పెద్ద అక్షరాల్లో వేయించమన్నాను. జుకినీ హల్వా పంచదారకూ నేతికీ దండగ. బ్రెడ్డు, కేకు పేజీలు పిల్లల కోసం పెట్టినట్టున్నారు, నేను దాటేశాను.

ఇంకో వెలితి, ఇక్కడివాళ్ళకు సంబంధించినది. హైదరాబాదు సూపర్ మార్కెట్లలో జుకినీ ఇప్పుడు మామూలైంది, విదేశీ కూరగాయల అరలో బ్రోకలీ పక్కన ఉంటుంది, ధర ఎక్కువ. మన రైతులు పాలీహౌసుల్లో వేస్తున్నారు. ఉత్తరాదిలో దీని దాయాదే చప్పన్ కద్దూ. లూధియానా వ్యవసాయ విశ్వవిద్యాలయం రకమొకటి, పూసా అలంకార్ అనే సంకర రకమొకటి ఎప్పటినుంచో ఉన్నాయి. మిద్దె మీద పెద్ద కుండీలో కూడా వస్తుంది, కానీ మన ఎండాకాలం దీనికి పడదు. అక్టోబరు, నవంబరుల్లో పెట్టి చలికాలంలో కోసుకోవాలి. ఈ సంగతులు పుస్తకంలో ఒక్క పేజీలో ముగిశాయి. రెండో ముద్రణలో మిద్దెతోటల వాళ్ళకోసం ఒక అధ్యాయం కావాలి. మామగారు వరంగల్‌లో మిద్దె మీద రెండు కుండీలు పెట్టారని విన్నాను, ఆయన చేతనే రాయించాలి.

ఈ పుస్తకాన్ని వరసగా చదవనక్కర్లేదు. న్యూజెర్సీ వాతావరణంలో ఉన్నవాళ్ళకు మే నెలలో చేతికి అందితే మొదటి పేజీ నుంచి మొదలుపెట్టండి, గింజ నాటే అంతరం, రెండు మూడు అడుగులు, అక్కడే ఉంది. జూన్ చివర్లో అందితే ముందు పురుగు అధ్యాయం తెరిచి, చదివిన వెంటనే వెళ్ళి కాండం మొదలు చూడండి. ఆగస్టులో అందితే వెనక నుంచి చదవండి, ముదురు కాయల వంటలు అక్కడే ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల్లో ఉన్నవాళ్ళు దసరా దాటాక గింజలు తెప్పించుకోవచ్చు. పెరడూ మిద్దే లేనివాళ్ళు ఎంపిక అధ్యాయం ఫోన్‌లో ఫోటో తీసుకుని దుకాణానికి పట్టుకెళ్ళండి. వేపుడు చేసేటప్పుడు మాత్రం పుస్తకం పొయ్యి పక్కనే తెరిచి పెట్టుకోండి, ఆ రెండు నిమిషాలూ గరిటె ముట్టుకోకుండా ఉండటానికి చేతికి ఏదో ఒక పని కావాలి.